సెకనుకు ఎనిమిది మెగాబైట్లు

పాత షాపు, మెట్ల కింద గది
జనవరి 9

అక్కకు నమస్కారాలు.

మీరూ బావగారూ కొత్త షాపు చూసుకోవడానికి వెళ్ళి నేటికి ఇరవై రెండు రోజులు. ఫోనులో మాట్లాడదామంటే, నేను హలో అనగానే అత్తయ్య పక్కన చేరి "ఎవరు, పెద్దదేనా? ఏమంటోంది?" అంటారు. తోడికోడళ్ళం మనం మాట్లాడుకునేదంతా ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. అందుకే వారం వారం మీకొచ్చే రీళ్ళ పెట్టెలో ఈ ఉత్తరం పెడుతున్నాను.

ఇక్కడ పని బాగానే సాగుతోంది. జనం తెచ్చిచ్చే పాత ఇంటి రీళ్ళు నేను స్కానరుకెక్కించి గాదెలోకి పంపడం, అక్కడ మీరు గాదెలోంచి లాక్కుని ఒక్కో బొమ్మ మీదా గీతలూ దుమ్మూ తుడవడం. సర్వరుకి గాదె అని పేరు పెట్టింది మీరేనట కదా! వచ్చినవాళ్ళకి మా ఆయన ఆ కథ చెప్పి నవ్విస్తుంటారు.

ఒక చిన్న చిక్కు వచ్చింది. పగటిపూట మీరు పెద్ద పెద్ద ఫైళ్ళు లాగుతుంటే నా స్కానరు తడబడుతోంది. గాదె ఒక్కటే, అటూ ఇటూ ఒకేసారి అందించలేకపోతోంది. మామయ్య చూసి, "పెద్దమ్మాయి పేరు మీద ఒక హద్దు పెట్టు" అన్నారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా మీకు సెకనుకు ఎనిమిది మెగాబైట్లు. ఐదు దాటాక మీ ఇష్టం. నిన్ననే పెట్టాను. ముందుగా అడగాల్సింది, ఆయన తొందరపెట్టారు.

తప్పుగా అనుకోరు కదూ?

మీ చెల్లి

*

కొత్త షాపు, బేకరీ పైన
జనవరి 16

చెల్లికి ఆశీస్సులు.

నేనెందుకు తప్పుగా అనుకుంటాను? మామయ్య చెప్పారు, నువ్వు చేశావు. పగలు ఒక ఫైలు తెరుచుకునేలోపు కింద బేకరీవాడు రెండు వాయిలు రొట్టెలు దించుతున్నాడు. ఆ వాసన పీలుస్తూ కూర్చుంటున్నాను. అదీ ఒక భాగ్యమే.

ఒక్క మాట చెప్పనీ. ఆ గాదె కట్టేనాటికి ఇంట్లో ఎవరికీ సర్వరంటే ఏమిటో తెలియదు. నేను చదివింది పదో తరగతి. పక్కన డిక్షనరీ పెట్టుకుని మాన్యువలు నాలుగుసార్లు చదివాను. ఎనిమిది డిస్కులూ నా చేత్తో బిగించాను. మామయ్య గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, పొగ రాదు కదా?" అన్నారు. పన్నెండేళ్ళలో ఆయన నన్ను ఏమ్మా అని తప్ప పిలవలేదు. నిన్ను ఇంజనీరమ్మా అంటున్నారట, మీ బావగారు మురిసిపోతూ చెప్పారు.

అలా నేను కట్టిన గాదెలోంచి నాకే తవ్వతో కొలిచి పోస్తున్నారన్నమాట. నవ్వుకోవడానికే రాశాను, మనసులో పెట్టుకోకు.

వీధివైపు గది నీకిచ్చారని తెలిసింది. వాన పడితే కిటికీ రెక్క బిగుసుకుంటుంది. లాగితే రాదు, కింది నుంచి అరచేత్తో తట్టాలి.

అక్క

*

పాత షాపు
ఫిబ్రవరి 6

అక్కకు నమస్కారాలు.

కిటికీ తట్టగానే వచ్చింది. మీ పేరు చెప్పుకున్నాను.

మీ సాయం కావాలి. పది రోజుల నుంచి నావైపు గాదె నత్తలా నడుస్తోంది. స్కానరు పక్కనున్న కంప్యూటర్‌లో చోటు తక్కువని మీకు తెలుసు. ఎప్పటికప్పుడు గాదెలోకి పంపేసి ఖాళీ చేసుకోవాలి. ఇదివరకు టీ తాగి వచ్చేసరికి వెళ్ళిపోయేది. ఇప్పుడు మధ్యాహ్నం దాకా అక్కడే. రోజుకి తొమ్మిది రీళ్ళు చేసేదాన్ని, నాలుగు కూడా కావడం లేదు.

మామయ్య ఏమీ అనరు గానీ గోడ గడియారం వంక చూస్తారు. నిన్న మాత్రం అన్నారు, "చదువుకున్నదానివి, నీకే తెలియాలి" అని. నాకు తెలియడం లేదక్కా. బల్లల కింద దూరి వైర్లన్నీ కదిపి చూశాను. ఎక్కడుంది లోపం?

మీ చెల్లి

*

కొత్త షాపు
ఫిబ్రవరి 13

చెల్లికి,

వైర్లు కదిపితే చాలదు, మార్చు. గోడ వెంట వెళ్ళేది ఎలుకలు కొరికి ఉంటాయి. గాదె అన్నాక పందికొక్కులు తప్పవు కదా! అదీ కాకపోతే మధ్యలో ఉన్న స్విచ్చు పెట్టె మార్పించు. అదీ కాకపోతే ఓపిక పట్టు. నేను కాలేజీ చదువు చదవలేదు, అంతకంటే చెప్పలేను.

నువ్వు స్కాను చేసిన పిల్లల పార్కు రీలు మీ బావగారు చూశారు. "మరదలి పని చూశావా, కడిగిన ముత్యంలా ఉంది" అన్నారు. కడిగింది నేనండీ అన్నాను. ఆ ఒక్క రీలు మీదే పదకొండు రోజులు కూర్చున్నాను, మెడ పట్టేసింది. ఆయన టీ ఊదుకుంటూ, "అదీ నిజమేలే" అన్నారు. ఆ "అదీ" నాకు ఇంకా గొంతు దిగలేదు.

అక్క

*

పాత షాపు
మార్చి 5

అక్కగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే వైర్లన్నీ మార్పించాను. స్విచ్చు పెట్టె కూడా మార్పించాను. ఏ తేడా లేదు. పోనివ్వండి, అలవాటైపోయింది.

ఒక సంగతి అడగాలనిపించింది. గాదె కట్టినప్పుడు మీరు మొట్టమొదట తెరిచిన ఖాతా ఉంది కదా, 'యజమాని' అనే పేరుతో, దేన్నైనా మార్చే అధికారంతో. అది మీరింకా వాడుతున్నారా? లేదంటే తీసేస్తాను. వాడుతున్నామన్నా నేనేమీ అనుకోను.

ఊరికే అడిగాను. మీరు ఏం చెబితే అది.

చెల్లి

*

కొత్త షాపు
మార్చి 12

చెల్లికి,

ఆ ఖాతా ఊసే మర్చిపోయాను. ఉండనీ, తీసేయకు, ఎప్పుడైనా పనికొస్తుంది.

ఈ పెట్టెలో నీలం డబ్బాలో ఉన్న రీలు జాగ్రత్త. ఈ వీధి చివర ఒక రిటైరైన ఈత టీచరమ్మ ఉంటుంది, ఆవిడది. నాలుగు రీళ్ళున్నాయట. నమ్మకం కుదిరాక మిగతా మూడూ ఇస్తానంది. దీన్లో ఆవిడ చెల్లెలు పద్నాలుగేళ్ళప్పుడు పైమెట్టు నుంచి కొలనులోకి దూకుతుంది. ఆ పిల్ల మరుసటి ఏడే జ్వరంతో పోయిందట. ఆ పిల్లది కదిలే బొమ్మ ఇదొక్కటే.

మూత తీస్తే పుల్లటి వాసన కొడుతుంది. ఎండుటాకులా పెళుసెక్కింది. ఒక్కసారే ఎక్కించు. మధ్యలో ఆగకూడదు.

అక్క

*

పాత షాపు
ఏప్రిల్ 2

అక్కగారికి,

ఈత టీచరమ్మ రీలు విరిగింది.

మొన్న ఉదయం పదకొండింటికి ఎక్కించాను. ముందురోజు చేసినవి ఇంకా గాదెలోకి వెళ్తూనే ఉన్నాయి. కంప్యూటర్‌లో చోటు సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు. సగంలో నిండిపోయి స్కానరు ఆగింది. నేను చెయ్యి పెట్టేలోపే దీపం వేడికి ఫిల్ము ముడుచుకుంది, చక్రం లాగింది, పటపటమని చిట్లింది.

తొమ్మిది సెకన్లు పోయాయి. ఆ పిల్ల నిచ్చెనెక్కి పైమెట్టు అంచున నిలబడటం ఉంది. తర్వాత నీళ్ళలోంచి తల పైకెత్తి నవ్వడం ఉంది. దూకడం లేదు.

మామయ్య వచ్చి చూసి, "ఎలా జరిగింది?" అన్నారు. "నా అజాగ్రత్త, చోటు చూసుకోలేదు" అన్నాను. పెద్ద రీళ్ళేవీ ఇక నా చేతికివ్వద్దని మా ఆయనతో చెప్పారు. అత్తయ్య మాత్రం నా ముందే అన్నారు, "పెద్దది ఉంటే ఇలా అయ్యేది కాదు" అని.

నేల మీద పడ్డ ముక్కలన్నీ దూది పరిచిన డబ్బాలో ఏరి పెట్టాను. టీచరమ్మకి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆవిడ మీ వీధే.

చెల్లి

*

కొత్త షాపు
ఏప్రిల్ 9

చెల్లీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇప్పుడు చింపను.

నీ అజాగ్రత్త కాదు. వైరూ కాదు, ఎలుకా కాదు. జనవరి 27న ఆ యజమాని ఖాతాతో గాదెలోకి వెళ్ళి నీ పేరు మీద హద్దు పెట్టింది నేనే. నువ్వు నాకు పెట్టిన అంకే పెట్టాను. సెకనుకు ఎనిమిది. ఒక వారం ఉంచి తీసేద్దామనుకున్నాను. నీకూ తెలియాలి, కూర్చుని ఎదురుచూడటమంటే ఏమిటో అనుకున్నాను.

వారం దాటినా తీయలేదు, ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, ఎక్కడుంది లోపం అక్కా అని. చదివి సంతోషపడ్డాను. దాన్ని సంతోషమనే అనాలి, ఇంకో మాట లేదు. ఇంజనీరమ్మకి తెలియనిది నాకు తెలుసు అనుకున్నాను. నీచేత అనవసరంగా వైర్లు మార్పించాను.

అసలు పాపం ఇది కాదు, విను. నీలం డబ్బా పంపిన రోజు హద్దు తీసేద్దామనే కూర్చున్నాను. ఆ రీలు నా చేత్తో చుట్టినదాన్ని, ఎంత పెళుసో నాకు తెలుసు. తెర తెరిచాను. ఒక్క టిక్కు తీస్తే అయిపోయేది. అప్పుడే మామయ్య ఫోను, "చిన్నమ్మాయికి సాయంగా ఇంకో స్కానరు కొందామనుకుంటున్నాను, ఏమంటావు?" అని. పన్నెండేళ్ళలో నాకు కుర్చీ మార్పించమంటే మార్పించలేదు. మంచిదే మామయ్యా అన్నాను. ఫోను పెట్టేసి, తెర మూసేసి, లేచి వెళ్ళి రొట్టె కొనుక్కుని తిన్నాను.

అందుకు ఒక పిల్ల దూకడం పోయింది.

మామయ్యకి నేనే చెబుతాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

అక్క

*

పాత షాపు, వీధివైపు గది
ఏప్రిల్ 16

అక్కా,

ఇన్నాళ్ళూ మీరు అన్నాను. ఈ ఉత్తరం మీరు అంటూ రాయలేను.

నాకు తెలుసు. ఫిబ్రవరి 24 నుంచి తెలుసు. గాదెలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దానంతట అదే రాసుకుంటుంది. ఆ సంగతి నువ్వు మర్చిపోయావు. తారీకు, టైము, యజమాని ఖాతా, ఎనిమిది అన్న అంకె, అన్నీ ఉన్నాయి. కాగితం మీద అచ్చు తీసుకుని బీరువాలో బట్టల కింద పెట్టాను. మార్చి ఉత్తరంలో ఖాతా గురించి అడిగింది అందుకే. ఒప్పుకుంటావేమో చూద్దామని. మర్చిపోయానన్నావు.

అప్పుడైనా నేను తీసేయొచ్చు. నీకున్న అధికారమే నాకూ ఉంది. ఒక్క టిక్కు. తీయలేదు.

ఎందుకంటే ఈ ఇంట్లో ఏ సొరుగు లాగినా నీ చేతిరాతే. ఏ డబ్బా మీద చూసినా నువ్వు అంటించిన చీటీయే. "పెద్దది ఉంటేనా" అని అత్తయ్య అనకుండా ఒక్క పూట గడవదు. మా ఆయన కూడా సర్వరు గురించి ఏదడిగినా "వదినకి ఫోన్ చెయ్యి" అంటారు. మామయ్య నన్ను ఇంజనీరమ్మా అని పిలిచేది మెచ్చుకుని కాదు. నా పని ఎక్కడ ఆగితే అక్కడ పిలుస్తారు, వెటకారంగా. బావగారికి ఆ తేడా తెలియలేదు.

అందుకని ఆ కాగితం నాకు బంగారమైంది. అందరూ కూర్చుని ఉన్నప్పుడు తీసి అత్తయ్య ఒళ్ళో పెట్టాలనుకున్నాను. ఇదిగో మీ పెద్దది అనాలనుకున్నాను. పని ఎంత ఆలస్యమైతే నేరం అంత పెద్దదవుతుందని రోజులు లెక్కపెట్టుకున్నాను. రీలు ఎక్కించే ముందు కంప్యూటర్‌లో చోటు చూశాను అక్కా. చాలకపోవచ్చని తెలుసు. ఆగితే ఆగనీ, ఇంకొక రుజువు అనుకున్నాను. చిట్లుతుందని అనుకోలేదు.

చిట్లాక కాగితం తీయబోయాను. అందరూ ఉన్నారు, సరిగ్గా నేను కోరుకున్నట్టే. నోటివెంట "నా అజాగ్రత్త" అని వచ్చింది. నిన్ను కాపాడదామని కాదు. ఆ కాగితం మీద తారీకు చూసి ఎవరైనా, "మరి నువ్వెందుకు తీయలేదు?" అని అడుగుతారని.

నువ్వొక్కదానివే చెబితే ఊరుకోను.

చెల్లి

*

కొత్త షాపు
ఏప్రిల్ 18

రీలు విరిగేనాటికి ముప్పై అయిదు రోజులు! తెలిసి నాకు నమస్కారాలు రాశావు. నిన్న రాత్రి నీ మీద పళ్ళు నూరుకున్నాను. తెల్లారాక చూసుకుంటే ఆ పళ్ళు నూరే హక్కు కూడా నాకు మిగల్లేదు.

పెట్టె వెళ్ళేదాకా ఆగలేక పోస్టులో వేస్తున్నాను. సోమవారం బస్సుకి వస్తున్నాను. నా పట్టకార్లూ, భూతద్దం దీపమూ తెస్తాను. ఆ ముక్కల డబ్బా ఎవరినీ ముట్టుకోనివ్వకు. మామయ్యకి ఇద్దరం కలిసి చెబుదాం. తర్వాత టీచరమ్మకి నేను చెబుతాను.

అక్క

*

కొత్త షాపు
మే 7

చెల్లీ,

నువ్వు రాలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

మనం పదహారు రోజులు కూర్చుని అతికించి, ఒక్కొక్కటీ ఫొటో తీసి గాదెలోకి ఎక్కించిన ఆ నలభై ఒక్క బొమ్మలూ రీల్లో కలిపి లాప్‌టాప్‌లో పట్టుకెళ్ళాను. ఆవిడ ఇల్లు చిన్నది, ఒకటే గది, గోడకి ఈల వేలాడుతోంది. ముందు చెప్పాను, తర్వాతే చూపించాను. నూట అరవై రెండు బొమ్మలు విరిగాయని, నలభై ఒకటే దక్కాయని, అది ప్రమాదం కాదని, మా ఇద్దరి ఓర్వలేనితనమని. ముక్కలు నువ్వు దూదిలో ఏరి పెట్టిన సంగతితో సహా ఏదీ దాచలేదు.

ఆవిడ అంతా విని, "ఎవరి మీద ఎవరికి?" అంది.

"ఆ అమ్మాయి మీద నాకు. నామీద ఆ అమ్మాయికి."

"మధ్యలో మా పిల్లేం చేసింది?"

లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాను. చూపించమంది. చూపించాను. నిచ్చెన, పైమెట్టు, ఆ తర్వాత మనవి, తెగి తెగి వస్తాయిగా. చేతులు చాచడం, గాల్లో ఒళ్ళు వంగడం, నీళ్ళకి జానెడు ఎత్తులో కాళ్ళు. ఆవిడ ముందుకు వంగి, "కాళ్ళు విడిపోయాయి" అంది. "చచ్చేట్టు చెప్పాను దానికి, మడమలు కలిపి ఉంచవే అని. వింటేనా!" మళ్ళీ పెట్టమంది. పదకొండుసార్లు పెట్టాను. ప్రతిసారీ కాళ్ళ దగ్గర నాలుక చప్పరించింది. ఏడవలేదు. నేనే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

తలుపు దాకా వచ్చి, "మిగతా మూడు రీళ్ళూ మీకివ్వను, వేరే చోట ఇస్తాను" అంది. ఇవ్వకండి అన్నాను.

అక్క

*

పాత షాపు
మే 14

అక్కా,

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. మామయ్య కూడా అంతే కదా, మనం చెబుతుండగానే లేచి వెళ్ళిపోయారు.  నువ్వెళ్ళిన అయిదో రోజు రీళ్ళ అర ముందు నిలబడి, ఒక డబ్బా మూత తీసి వాసన చూసి అన్నారు, "నలభై ఏళ్ళుగా ఏ రీలుకి కుళ్ళు పట్టినా మూత తీయగానే చెప్పేస్తాను. ఇంట్లో పట్టింది, నాకు తెలియలేదు." మూత పెట్టి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అత్తయ్య ఎందుకో "పెద్దది ఉంటేనా" అనబోయి ఆగారు.

గాదె పాస్‌వర్డు మార్చి తన దగ్గరే పెట్టుకున్నారు, ఇద్దరికీ ఇవ్వనని. మూడో రోజుకే మర్చిపోయారు. పూటంతా ఏవేవో కొట్టి చూశారు. "అడిగితే అక్క చెబుతుంది" అన్నాను. "అడగను" అన్నారు. భోజనమయ్యాక వచ్చి, "ఏదీ, ఫోన్ చెయ్యి" అన్నారు. నువ్వు ఫోనులో కొత్తది పెట్టుకునే దారి చెబుతుంటే ఎంత బుద్ధిగా రాసుకున్నారో చూడాల్సింది! పెట్టేస్తూ నిన్ను పేరు పెట్టి పిలిచారు. విన్నావా? నాకు మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకుంది. ఇంత జరిగినా గుచ్చుకుంది.

పోయేది కాదేమో ఇది. అందుకే ఒక మాట. ఇకమీదట మండినప్పుడు గాదె జోలికి పోవద్దు, నువ్వూ నేనూ. ఉత్తరం రాసుకుందాం. మొదటిది నేను రాసేశాను చూడు.

మామయ్య చేత ఇద్దరి పేర్ల మీదా హద్దులు తీయించాను. పగలు నేను, సాయంత్రాలు నువ్వు, నోటిమాటగా.

చెల్లి

*

కొత్త షాపు
జూన్ 4

చెల్లీ,

ఈ పెట్టెలో మూడు నీలం డబ్బాలున్నాయి.

నిన్న టీచరమ్మ వచ్చింది. వేరే షాపులో ఇవ్వబోతే, పెళుసుగా ఉన్నాయి జాగ్రత్త అంటే, వాళ్ళు "ఏం ఫర్వాలేదండీ, రోజూ చేసేవే" అన్నారట. "ఫర్వాలేదనేవాళ్ళకి నేనివ్వను. ఒకసారి విరగ్గొట్టినవాళ్ళకే భయం తెలుస్తుంది" అంది. నేను చేతులు తుడుచుకుని అందుకోబోయాను.

డబ్బాలు వెనక్కి లాక్కుని అంది, "మీకు కాదు. నేల మీద రాలిన ముక్క కూడా పారేయకుండా దూదిలో దాచిందే, ఆ చిన్నావిడ, ఆమె చేతికే ఇవ్వాలి. మీరు పంపించండి చాలు."

ముక్కలు అతికించింది ఎవరట? పదహారు రోజులు భూతద్దం మీద వంగింది ఎవరట? సరేనమ్మా అన్నాను. నిన్నటి నుంచి తిండి సయించలేదు. బేకరీవాడు పిలిచి రొట్టె ఇచ్చినా వద్దన్నాను.

రాయమన్నావు కదా, రాశాను. మూతలు నెమ్మదిగా తియ్యి.

అక్క